లేత్ బోర్డు కొనే ముందు కార్బన్లు చూడండి, మాస్టారూ

ప్రశ్న: నేను రిటైరైన ఫిజిక్స్ మాస్టారిని. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న మెటల్ లేత్ కొన్నాను. చైనా తయారీ, 7 అంగుళాల స్వింగ్, 14 అంగుళాల బెడ్, డీసీ మోటారు, స్పీడు మార్చుకోవడానికి నాబ్. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుని బొమ్మ స్టీమ్ ఇంజన్లు చేస్తుంటాను. కొన్నాళ్లుగా స్విచ్ వేస్తే ఒక్కోసారి తిరగదు. చక్‌ను (కోసే ముక్కను పట్టి తిప్పే భాగం) చేత్తో కాస్త కదిపితే అందుకుంటుంది. తర్వాత కటింగ్ మధ్యలో ఆగిపోయి పసుపు లైటు వెలగడం మొదలైంది. మొన్న థ్రెడ్ కటింగ్ చేస్తూ రివర్స్ వేయగానే ఎంసీబీ పడిపోయింది. అప్పటినుంచి ఆన్ చేస్తే చాలు, ఎంసీబీ పడుతోంది. మా ఎలక్ట్రీషియన్ చూసి ‘బోర్డు పోయింది, కొత్తది తెప్పించండి’ అన్నాడు. ధర చూస్తే టెన్షన్ పట్టుకుంది. కొనమంటారా? అన్నట్టు, బెడ్ మీద చెయ్యి వేస్తే చాలా రోజులుగా సన్నగా జివ్వుమంటోంది. అది మామూలేనా?
– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: మాస్టారూ, మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ రాసిన సంగతితోనే మొదలుపెడతాను. అది మామూలు కాదు. బోర్డు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ లేత్ ప్లగ్ పీకేసి పక్కన పెట్టండి.

ఇలాంటి మిషన్లలో చాలావాటికి కరెంటు లోపలికి వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఇంకొకటి మిషన్ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ అంతా 230 వోల్టుల్లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. రెండు సమానమైన కెపాసిటర్ల మధ్య బిందువు దగ్గర ఎంత వోల్టేజీ ఉంటుందో మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. మీకు జివ్వుమన్నది బహుశా అదే. ఆ కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ కంటే తక్కువే కాబట్టి ప్రాణం మీదికి రాలేదు. కానీ మీ షెడ్డులో ఎర్త్ లేదన్న సంగతి మాత్రం తేలిపోయింది. రేపు మోటారులో వైండింగ్ నిజంగానే బాడీకి తగిలితే ఆ బెడ్ మీద ఉండేది పూర్తి 230 వోల్టులు. అప్పటికి మీ ఒక చెయ్యి క్యారేజ్ హ్యాండిల్ మీద, కాళ్లు తడిసిన సిమెంటు నేల మీద ఉండొచ్చు.

కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచి మొదట సాకెట్ చూపించండి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మీటర్‌తో చూస్తే ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 దరిదాపుల్లో, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అయితే డిజిటల్ మీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. అది లాగే కరెంటు అతి తక్కువ గనుక బలహీనమైన ఎర్త్ కూడా దానికి బాగానే కనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌నే ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి చూడమనండి. న్యూట్రల్ మీద ఎంత వెలుగుతుందో ఎర్త్ మీదా అంతే వెలగాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉంటే మాత్రం బల్బు పెట్టగానే పడిపోతుంది, పడాలి కూడా. షెడ్డు లైనుకు అది లేకపోతే 30 మిల్లీ ఆంపియర్లది ఒకటి పెట్టించండి.

ఒక మాట ముందే చెప్తున్నాను. ఎర్త్ లేదని తేలగానే సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న వైరు ముక్క కలిపి ‘అయిపోయింది సార్’ అనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఆ ముక్క గుండా ఫేజ్ నేరుగా మీ లేత్ బాడీ మీదికి వస్తుంది. ఎర్త్ పిట్ తీయించాల్సిందే.

ఇక అసలు రోగం. మీ ఉత్తరంలో జబ్బు వరుసగా ఎలా ముదిరిందో మీరే రాశారు. మొదట స్టార్ట్ కాకపోవడం, చేత్తో కదిపితే అందుకోవడం. తర్వాత పని మధ్యలో ఆగడం. చివరికి రివర్స్‌లో ఎంసీబీ పడటం. ఈ మూడింటిలో మొదటిది మోటారు కార్బన్ బ్రష్‌ల (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల) లక్షణం. బ్రష్ అరిగిపోయి స్ప్రింగ్ చాలినంత నొక్కకపోయినా, అవి ఆనుకునే కమ్యుటేటర్ (షాఫ్ట్ చుట్టూ ఉండే రాగి పలకల వలయం) మీద ఒకటి రెండు పలకలు నల్లబడిపోయినా, మోటారు సరిగ్గా ఆ చోట ఆగినప్పుడు కరెంటు పారదు. మీరు చక్ కదపగానే బ్రష్ పక్క పలక మీదికి జరుగుతుంది, మోటారు అందుకుంటుంది. అందుకునేటప్పుడు మీ వేళ్లు చక్ దవడల మీద ఉంటాయి. ఆ అలవాటు ఈ రోజే మానెయ్యండి. చొక్కా చేతులు పొడుగువైతే ఇంకా ప్రమాదం.

బోర్డు పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఇలాంటి మిషన్లలో బోర్డు తనంతట తాను చావడం కంటే మోటారో, ఇనుప రజనో, మన చేతి తొందరో దాన్ని చంపడమే ఎక్కువ. కారణం పట్టుకోకుండా కొత్త బోర్డు పెడితే అదీ అదే దారిన పోతుంది.

మీ ఎలక్ట్రీషియన్ గమనించని చిన్న విషయం ఒకటుంది. ఈ లేత్‌లకు ప్యానెల్ మీద సొంత ఫ్యూజు ఉంటుంది, చిన్న గాజు గొట్టంలాంటిది. బోర్డు షార్ట్ అయితే ముందు పోవాల్సింది అదే. మీకేమో ఆన్ చేసిన ప్రతిసారీ గోడ మీది ఎంసీబీ పడుతోంది. అంటే ఆ ఫ్యూజు తన పని చేయడం లేదన్నమాట. దానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉండొచ్చు. మీకు అమ్మినవాళ్లు ఎప్పుడో అందులో లావు వైరు చుట్టో, ఎక్కువ ఆంపియర్లది వేసో ఉండాలి. లేదంటే షార్ట్ ఫ్యూజు కంటే ముందే, అంటే ప్లగ్ వైరులోనో ఫిల్టర్‌లోనో మెయిన్ స్విచ్‌లోనో ఉండాలి. రెండోదే అయితే మీ బోర్డు నిక్షేపంగా ఉండొచ్చు కూడా. ప్లగ్ పీకి, ఫ్యూజు తీసి చూడండి. దాని మూత మీద రాసిన ఆంపియర్లు, హోల్డర్ పక్కన రాసిన ఆంపియర్లు ఒకటేనా?

ఇంకో సంగతి మీరు ఉత్తరంలో స్పష్టంగా రాయలేదు. ఎంసీబీ ఎప్పుడు పడుతోంది? గోడ మీది స్విచ్ వేయగానేనా, మిషన్ మీద ఆకుపచ్చ బటన్ నొక్కగానేనా, ఫార్వర్డ్‌లోకి తిప్పగానేనా? గోడ స్విచ్‌కే పడితే తప్పు ప్లగ్, దాని వైరు, ఫిల్టర్ల దగ్గర. ఆకుపచ్చ బటన్‌కు పడితే ఆ స్విచ్ తర్వాతి భాగంలో. ఫార్వర్డ్ వేస్తేనే పడితే మోటారునో, దానికి కరెంటు పంపే భాగాన్నో అనుమానించాలి. డబ్బు ఖర్చు లేకుండా సగం వెతుకులాట ఇక్కడే తగ్గిపోతుంది. అలాగని ఎంసీబీని పదేపదే వేసి చూడకండి. ప్రతి షార్ట్‌కూ ఇంకేదో ఒకటి కాలుతుంది. దానికి సిరీస్ బల్బు ఉంది.

పాతకాలం రేడియో మెకానిక్‌ల బల్ల మీద ఎప్పుడూ ఉండేదే ఇది. ఫేజ్ వైరు మధ్యలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని గుండా మిషన్‌కు కరెంటు ఇవ్వాలి. లోపల పూర్తి షార్ట్ ఉన్నా బల్బు నిండుగా వెలుగుతుందే తప్ప అర ఆంపియర్ కూడా దాటి పారదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఫిలమెంట్ బల్బు ఇప్పుడు షాపుల్లో దొరకడం తగ్గింది గానీ కోళ్లఫారాల్లో పిల్లలకు వేడి కోసం వాడుతుంటారు, మీ జిల్లాలో దొరక్కపోదు. మోటారు వైర్లు రెండూ బోర్డు నుంచి విప్పేసి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే బోర్డు మీది పెద్ద కెపాసిటర్ చార్జ్ అయిందని అర్థం, మంచి గుర్తు. నిండుగా వెలుగుతూ ఉండిపోతే షార్ట్ ఉంది. అప్పుడు ప్లగ్ పీకి, బోర్డుకు వెళ్లే రెండు వైర్లు కూడా విప్పి మళ్లీ చూడండి. బల్బు ఆరిపోతే తప్పు బోర్డులో ఉన్నట్టు, ఇంకా వెలుగుతూనే ఉంటే బోర్డు కంటే ముందు ఉన్నట్టు.

కంట్రోల్ బాక్స్ విప్పే ముందు మాత్రం జాగ్రత్త. 230 వోల్టులను నేరుగా డీసీ చేసే బోర్డుల్లో కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటర్ డీసీ రేంజిలో పెట్టి కొలిచి, ఇంకా ఉంటే చిన్న బల్బు ఆనించి దించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పద్ధతి వద్దు. ఇంకో రహస్యం ఏంటంటే, చాలా బోర్డుల్లో స్పీడ్ నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్ కూడా మెయిన్స్‌తో కలిసే ఉంటుంది. చిన్న వైర్లు కదా, తక్కువ వోల్టేజీ అయి ఉంటుందనుకుని ముట్టుకోకూడదు. ఆన్‌లో ఉండగా ఆ బాక్స్‌లో చెయ్యి పెట్టాల్సిన పని మీకు ఒక్కటి కూడా లేదు. నేను చెప్పే పరీక్షల్లో బల్బుది తప్ప మిగతావన్నీ ప్లగ్ చేతిలో పట్టుకుని చేసేవే, బల్బు పరీక్ష కూడా మూత బిగించాకే.

మూత తీయగానే ముందు టార్చ్ వేసి చూడండి. మూలల్లో, స్విచ్‌ల కాళ్ల మధ్య, బోర్డు వెనక సన్నని ఇనుప చిప్స్ ఉన్నాయేమో. వెంట్రుక మందం స్టీలు చిప్ ఒకటి చాలు రెండు టెర్మినళ్లను కలపడానికి. ఎక్కడైనా నల్లటి మచ్చ, చిన్న రాగి పూసలు కనిపిస్తే షార్ట్ జరిగిన చోటు అదే. పెయింట్ బ్రష్‌తో, వాక్యూమ్ క్లీనర్‌తో తీయండి. కంప్రెసర్ గాలి కొడితే బయటున్నవి కూడా లోపలికి పోతాయి. పోయినవి మోటారు గాలి రంధ్రాల్లోకే పోతాయి.

ఇప్పుడు మోటారు. మీ మోటారుకు రెండు పక్కలా చిన్న ప్లాస్టిక్ మూతలు, స్క్రూడ్రైవర్ గాటుతో, ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే బ్రష్ మోటారే. అవి లేకుండా మూడు లావు వైర్లు, ఇంకొన్ని సన్నవి మోటారులోకి పోతుంటే అది బ్రష్‌లెస్, కార్బన్ల గురించి నేను రాసింది దానికి వర్తించదు. మీ లక్షణాలను బట్టి బ్రష్‌దే అనుకుంటున్నాను.

ఒక మూత విప్పి బ్రష్ బయటికి తీయండి. తీసేటప్పుడే ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. దాని కొన కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరిగి ఉంటుంది, తిప్పి పెడితే మళ్లీ కుదురుకునేదాకా నిప్పురవ్వలు వస్తాయి. మంచి బ్రష్ కొన నున్నగా, బూడిద రంగు మెరుపుతో ఉంటుంది. మూలలు విరిగి, గీతలు పడి, స్ప్రింగ్ నీలంగా మారి ఉంటే వేడెక్కిందని అర్థం. కార్బన్ పొడవు 6 మిల్లీమీటర్ల దాకా వచ్చేసి ఉంటే రెండూ కలిపి మార్చండి. పొడవు బాగానే ఉన్నా హోల్డర్‌లో బిగుసుకుపోయి ముందుకు జారకపోవచ్చు, కార్బన్ పొడికి నూనె తగిలి జిగురైతే అలాగే అవుతుంది. పొడి బట్టతో తుడవండి. హోల్డర్‌లో నూనె చుక్క వేయకండి. కొత్తవి పవర్ టూల్స్ రిపేరు షాపుల్లో దొరుకుతాయి, పాతది చేత్తో తీసుకెళ్లి కొలత కలిపి తెచ్చుకోండి. అర మిల్లీమీటరు పెద్దదైతే గ్లాస్ పేపర్ మీద రుద్దితే సరిపోతుంది. చిన్నదైతే వద్దు, హోల్డర్‌లో ఊగుతుంది.

బ్రష్ తీసిన రంధ్రంలోంచి టార్చ్ వేసి షాఫ్ట్‌ను మెల్లగా తిప్పితే కమ్యుటేటర్ కనిపిస్తుంది. అంతటా ఒకే రకం చాక్లెట్ రంగు ఉంటే బాగున్నట్టు. రెండు మూడు పలకలే కాలినట్టు నల్లగా ఉంటే లోపల ఆ కాయిల్ తెగి ఉండొచ్చు, అప్పుడు ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పట్టుకుని వైండింగ్ షాపుకు వెళ్లాల్సిందే. ఊరికే మసిబారితే సన్నని గ్లాస్ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. ఎమెరీ మాత్రం వద్దు, దాని రేణువులు పలకల మధ్య ఇరుక్కుంటాయి, బ్రష్‌ను కోసేస్తాయి. పలకల మధ్య చేరిన కార్బన్ పొడిని పుల్లతో గీకి తీయండి. ఆ పొడి పక్కపక్క పలకలను కలిపేస్తుంది. అందువల్ల మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. కరెంటు ఎక్కువై బోర్డు మోటారును ఆపేసినప్పుడు వెలిగే మీ పసుపు లైటుకు అదొక కారణం అయి ఉండొచ్చు.

తర్వాత మీటర్ ఓమ్స్‌లో పెట్టి, విప్పిన రెండు మోటారు వైర్ల మధ్య చూస్తూ షాఫ్ట్‌ను చేత్తో కొంచెం కొంచెంగా తిప్పండి. రీడింగ్ అటూ ఇటూ ఊగుతుంది, పర్వాలేదు. ఎక్కడైనా పూర్తిగా తెగినట్టు చూపిస్తే మీ ‘చేత్తో కదిపితే అందుకునే’ చోటు దొరికినట్టే. రెండు వైర్లలో దేనికీ మోటారు బాడీతో కలయిక ఉండకూడదు. వైండింగ్ షాపులో 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉంటుంది, దాంతో ఒకసారి చూపిస్తే మంచిది. ఒక మెగాఓమ్ కంటే చాలా ఎక్కువే రావాలి. కానీ మెగ్గర్ పెట్టేది విప్పిన మోటారుకు మాత్రమే. బోర్డు కలిసి ఉండగా పెడితే బాగున్న బోర్డు కూడా పోతుంది.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటి ఉంది. బెల్టు తీసేసి, ఆ రెండు వైర్లకు బైకు 12 వోల్టుల బ్యాటరీ తగిలించండి, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి. లోపల శాశ్వత అయస్కాంతాలున్న మోటారు కాబట్టి ఆ 12 వోల్టులకే నెమ్మదిగా, నున్నగా తిరగాలి. వైర్లు తారుమారు చేస్తే అటువైపు తిరగాలి. కుదుపులతో తిరిగినా, ఏదో ఒక చోట ఆగిపోయినా రోగం మోటారులోనే ఉంది. షాక్ భయం లేకుండా మోటారునూ బోర్డునూ విడదీసి చూపించే పరీక్ష ఇంతకంటే చవగ్గా ఇంకోటి లేదు.

రివర్స్ సంగతి చెప్పాలి, మీకు ఇందులోని ఫిజిక్స్ నచ్చుతుంది. మోటారు తిరుగుతున్నప్పుడు అదే జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. ఉదాహరణకు బోర్డు 150 వోల్టులు ఇస్తుంటే మోటారు ఎదురుగా 140 దాకా పుట్టిస్తుంది, తేడా 10 వోల్టులే కాబట్టి కరెంటు ఒక ఆంపియర్ దగ్గర ఉంటుంది. చక్ ఇంకా తిరుగుతుండగా రివర్స్ వేశారనుకోండి, ఆ రెండూ కూడిపోతాయి. ఆర్మేచర్ రెసిస్టెన్స్ 10 ఓమ్స్ అయితే 290 వోల్టులకు 29 ఆంపియర్లు. బోర్డు మీద మోటారు కరెంటును అదుపు చేసే మాస్‌ఫెట్ అయినా, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జ్ అయినా కాలిపోవడానికి ఆ ఒక్క క్షణం చాలు. థ్రెడ్ కటింగ్‌లో వెనక్కి రావడానికి అందరూ చేసే పనే ఇది. చక్ పూర్తిగా ఆగేదాకా ఆగండి, నాబ్ సున్నాకు తెచ్చి అప్పుడు రివర్స్ వేయండి. కొన్ని బోర్డులు నాబ్ సున్నాకు తేకపోతే అసలు స్టార్టే కావు. చాలామంది అదొక కంప్లెయింట్ అనుకుంటారు గానీ, బోర్డును కాపాడే ఏర్పాటు అది.

పసుపు లైటుకు ఇంకో కారణం మీ కటింగే కావచ్చు. లావు కడ్డీని హై గేరులో పెట్టి నాబ్‌తో స్పీడు తగ్గించి కోస్తున్నారా? అప్పుడు మోటారు మెల్లగా తిరుగుతుంది, దాని ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది, లాగే కరెంటు మాత్రం పెరుగుతుంది. హెడ్‌స్టాక్ (చక్ బిగించి ఉండే పెట్టె) వెనక ఉన్న గేర్ లీవర్‌ను తక్కువ గేరు వైపు పెట్టి, నాబ్ పెంచుకుని కోయండి. ప్లగ్ పీకి స్పిండిల్‌ను చేత్తో తిప్పినప్పుడు తేలిగ్గా తిరుగుతోందో లేదో కూడా చూడండి. బేరింగ్ బిగిస్తే ఆ భారమంతా బోర్డు మీదే పడుతుంది.

ఇన్ని చూశాక కూడా షార్ట్ బోర్డులోనే ఉందని తేలితే, వెంటనే కొత్తది వద్దు. ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లండి. బ్రిడ్జ్, మాస్‌ఫెట్ చూడటం వాళ్లకు రోజూ ఉండే పనే. మీటర్ డయోడ్ రేంజిలో పెడితే మంచి డయోడ్ ఒకవైపే అర వోల్టు దగ్గర చూపిస్తుంది. రెండువైపులా బీప్ అంటే పోయినట్టు. కొన్ని బోర్డుల్లో మాస్‌ఫెట్ బదులు థైరిస్టర్ ఉంటుంది, అతనికి చూడగానే తెలుస్తుంది. బాగుచేశాక మొదటిసారి సిరీస్ బల్బు మీదే నడపండి.

అది కూడా కుదరక కొత్త బోర్డు కొనాల్సి వస్తే ఒక్క సంగతి మర్చిపోకండి. ఇదే లేత్‌ను రకరకాల పేర్లతో అమెరికాకూ అమ్ముతారు, అక్కడి బోర్డు 110 వోల్టులది. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, మన కరెంటుకు తగిలిస్తే పొగే. మోటారు ప్లేటు మీద ఎన్ని వోల్టుల డీసీ, ఎన్ని వాట్లు అని ఉంటుంది. బోర్డు దానికీ, మన 230కీ రెండింటికీ సరిపోవాలి. ఫ్యూజు హోల్డర్ పక్కన రాసిన ఆంపియర్లతో పాటు ఆ ప్లేటు మీదివి కూడా రాసి పంపండి, ఏ బోర్డు తీసుకోవాలో అప్పుడు చెప్తాను.